ముందు వాకిలి జెఫర్సన్‌ది, పెరడు ఎవరిది?

పాత కట్టడాలకు శత్రువు పలుగూ పారా అనే మనందరి నమ్మకం. కూల్చేస్తారని తెలిస్తే సంతకాలు సేకరిస్తాం, కోర్టుకెక్కుతాం. అదే పునరుద్ధరణ అన్నారంటే, నిపుణులు వచ్చారు కదా అని ఊపిరి పీల్చుకుంటాం. అమెరికా దక్షిణాదిలో రెండు శతాబ్దాలుగా నడుస్తున్న ఒక విశ్వవిద్యాలయం ఈ నమ్మకాన్ని గట్టిగా కుదిపేస్తుంది. వర్జీనియా రాష్ట్రంలోని షార్లట్స్‌విల్‌లో థామస్ జెఫర్సన్ నిలబెట్టిన ప్రాంగణం అది. అక్కడ మంటలూ చెలరేగాయి, కూల్చివేతలూ జరిగాయి. కానీ ఆ కట్టడాల చరిత్రలో పెద్ద భాగాన్ని కంటికి కనిపించకుండా చేసింది ఆ రెండూ కావు. ఎంతో ప్రేమతో, ఎంతో ఖర్చుతో, ఎంతో పాండిత్యంతో జరిగిన పునరుద్ధరణే ఆ పని చేసింది.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చూద్దాం. ఉత్తరపు కొసన రొటండా. రోమ్ నగరంలోని పాంథియాన్‌ను సగానికి కుదించిన కొలతలతో, గుండ్రటి గుమ్మటంతో, 77 అడుగుల వ్యాసంతో కట్టిన గ్రంథాలయం అది. ఆనాటి కళాశాలల నడిబొడ్డున ప్రార్థనామందిరం ఉండేది. జెఫర్సన్ ఆ స్థానాన్ని పుస్తకాలకిచ్చాడు. దాని ముందు దక్షిణంగా మెట్లుమెట్లుగా దిగే పచ్చిక మైదానాన్ని ‘లాన్’ అంటారు. లాన్‌కి అటూ ఇటూ కలిపి 10 పెవిలియన్లు. కింద పాఠాల గది, పైన ప్రొఫెసర్ కుటుంబం. వాటి మధ్యమధ్య, స్తంభాల వసారా వెంబడి విద్యార్థుల కోసం 54 గదులు. స్నానాల గదికి బయటికి నడవాల్సినా, చివరి ఏడాది విద్యార్థులు ఆ గది దొరకడం ఇవాళ్టికీ గౌరవంగా భావిస్తారు. పెవిలియన్ల వెనక పెరళ్లు. ఆ పెరళ్లకు ఆవల మరో రెండు వరసల గదులు, వాటిలో విద్యార్థులకు భోజనం పెట్టే 6 ‘హోటళ్లు’. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ 1976లో దీన్ని తమ దేశపు 200 ఏళ్ల నిర్మాణకళలో గర్వించదగ్గ పనిగా ఎన్నుకుంది. 1987లో యునెస్కో, జెఫర్సన్ సొంత ఇల్లు మాంటిచెల్లోతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పట్టాల పండుగ రోజున లాన్ మీద ఫొటోలు దిగే కుటుంబాల్లో ఉత్తర వర్జీనియాలో స్థిరపడిన తెలుగువాళ్లూ ఉంటారు. ఆ ఫొటోలన్నీ ముందు వైపువే. ఈ కథనానికి కావలసింది వెనక వైపు.

ఇదంతా ఒక్క మేధావి తలలోంచి ఊడిపడిందన్నది మొదట పక్కన పెట్టాల్సిన మాట. ఎలా ఉంటే బాగుంటుందని జెఫర్సన్ ఇద్దరు ఆర్కిటెక్టులకు ఉత్తరాలు రాశాడు, విలియం థార్న్‌టన్‌కు, బెంజమిన్ లాట్రోబ్‌కు. మైదానం తలాపున అన్నింటికన్నా పెద్ద కట్టడం ఒకటి, గుమ్మటంతో, ఉండాలని సూచించింది లాట్రోబ్. అంటే ఇవాళ పోస్టుకార్డుల మీద జెఫర్సన్ సంతకంలా కనిపించే రొటండాకు బీజం మరొకరిది. ఇందులో జెఫర్సన్‌ను తక్కువ చేసేదేమీ లేదు, సలహా అడిగి మంచిదాన్ని తీసుకోవడం గొప్ప గుణమే. ఇక కట్టినవాళ్ల సంగతి. 1817 అక్టోబర్ 6న మొదటి పెవిలియన్‌కు శంకుస్థాపన జరిగినప్పుడు జెఫర్సన్, మాడిసన్, మన్రో ముగ్గురూ అక్కడున్నారు. ఇద్దరు మాజీ అధ్యక్షులు, ఒకరు అప్పటికి పదవిలో ఉన్న అధ్యక్షుడు. అంతకు మూడు నెలల ముందే నేల చదును చేయడం మొదలుపెట్టినవాళ్లు బానిసలు. మైదానం మెట్లుమెట్లుగా ఉండటం ప్రకృతి ఇచ్చింది కాదు, వాళ్లు తవ్వి ఎత్తిపోసింది. బంకమట్టి తవ్వి, తొక్కి, అచ్చులు పోసి, బట్టీలు కాల్చింది కూడా చాలావరకు వాళ్లే. విశ్వవిద్యాలయం సొంతంగా కొన్న బానిసలు బహుకొద్దిమంది. ఎక్కువమందిని యజమానుల దగ్గర ఏడాది లెక్కన బాడుగకు తెచ్చుకునేవారు. కొత్త సంవత్సరంతో ఒప్పందం మొదలు, క్రిస్మస్‌తో సరి. బాడుగ సొమ్ము యజమానికి చేరేది. ప్రాంగణం పనులూ లెక్కలూ చూసే అధికారి, అంటే ప్రాక్టర్, కార్యాలయపు ఖాతాల్లో ఇదంతా పద్దులు పద్దులుగా ఉంది. 1827లో మాంటిచెల్లోలో వేలం వేసినప్పుడు ప్రాక్టర్ ఆర్థర్ బ్రోకెన్‌బ్రో కొన్న మనుషుల్లో థ్రిమ్‌స్టన్ హెర్న్ ఒకడు. అతడు రాతిపనివాడు. రొటండా రాతిపనిలో అతని చెయ్యి ఉంది.

1817 నుంచి 1865 దాకా ఈ ప్రాంగణంలో కట్టిన, వండిన, ఉతికిన, కట్టెలు కొట్టిన బానిసల సంఖ్య సుమారు 4,000 అని విశ్వవిద్యాలయం నియమించిన సంఘమే అంచనా వేసింది. విద్యార్థులు సొంత బానిసలను వెంట తెచ్చుకోకూడదని నియమం ఉండేది. దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు, ఆ చాకిరీ చేయడానికి ప్రొఫెసర్ల బానిసలు, హోటళ్ల యజమానుల బానిసలు ఉండనే ఉన్నారు. వాళ్లు ఎక్కడుండేవారు? పెవిలియన్ల అడుగు గదుల్లో, పెరళ్లలో. విడిగా కట్టిన వంటిళ్లు, మాంసాన్ని పొగబెట్టి నిలవ చేసే కొట్లు, బట్టలుతికే చోట్లు, మరుగుదొడ్లు, కోళ్లు, పశువులు, కూరమళ్లు. అదొక పని చేసే పెరడు. వాటి చుట్టూ పాములా మెలికలు తిరిగే ఇటుక గోడలు కట్టించాడు జెఫర్సన్. ఒక్క ఇటుక మందమే ఉన్నా ఆ మెలికల వల్లే గోడ నిలుస్తుంది. పర్యాటకులకు ఆ లెక్కే ముచ్చటగొలుపుతుంది. ఆ గోడలు ఇప్పుడున్నవాటికన్నా ఎత్తుగా ఉండేవనీ, లాన్ మీద నడిచే పెద్దమనుషులకు వెనక జరిగే చాకిరీ కనబడకుండా చేసేవనీ తక్కువమందికి తెలుసు. కాబట్టి దాపరికాన్ని కనిపెట్టింది పునరుద్ధరించినవాళ్లు కాదు. అది మూల నమూనాలోనే ఉంది. కానీ మూల నమూనా దాచింది, పునరుద్ధరణ తీసేసింది. ఈ రెండింటికీ తేడా ఉంది. దాచిన వస్తువు ఎప్పటికైనా దొరుకుతుంది.

కాలక్రమంలో జరిగిన మరమ్మతుల వరస చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. 1895 అక్టోబర్ 27, ఆదివారం. రొటండా వెనక 1850లలో అతికించిన పొడవాటి అనుబంధ భవనంలో మంటలు రేగాయి. గంట కొట్టి అందరినీ హెచ్చరించినవాడు హెన్రీ మార్టిన్. బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక కూడా దశాబ్దాల పాటు ఆ ప్రాంగణానికి గంటలు కొట్టినవాడు. జెఫర్సన్ కన్నుమూసిన 1826 జులై 4నే, మాంటిచెల్లోలో తాను పుట్టానని చెప్పుకునేవాడు. విద్యార్థులు పాలరాతి జెఫర్సన్ విగ్రహాన్ని పరుపు మీదికి దించి బయటికి లాక్కొచ్చారు. ఒక ప్రొఫెసర్, మంటలు పాకకుండా రెండు భవనాలనూ కలిపే భాగాన్ని డైనమైట్‌తో పేల్చేయబోయాడు, లాభం లేకపోయింది. గోడలు మిగిలాయి, లోపలంతా బూడిద. తిరిగి కట్టే పని న్యూయార్క్ ఆర్కిటెక్ట్ స్టాన్‌ఫర్డ్ వైట్ చేతికొచ్చింది. అతడు జెఫర్సన్ వేసిన మధ్య అంతస్తును వదిలేసి, లోపలిని ఒకే మహా సభామందిరంలా తెరిచాడు, ఉత్తరం వైపు కొత్త ముఖమండపం పెట్టాడు, గుమ్మటాన్ని నిప్పంటని పెంకుల పొరలతో కట్టించాడు. దక్షిణాన కొండల వైపు తెరిచి ఉన్న లాన్ కొసను కొత్త భవనాలతో మూసేశాడు. ఆ చూపు పోవడం నష్టమేనని ఒప్పుకోక తప్పదు.

తర్వాత జరిగింది గమనించండి. 1970లలో, దేశపు ద్విశతాబ్ది ఉత్సవాల వేడిలో, వైట్ కట్టిన లోపలి భాగాన్ని పీకేసి, జెఫర్సన్ గదుల్ని మళ్లీ నిర్మించారు. 1976లో తలుపులు తెరిచారు. జెఫర్సన్ గదులు 1826 నుంచి 1895 దాకా, అంటే 69 ఏళ్లు బతికాయి. వైట్ మందిరం 1890ల చివరినుంచి 1973 దాకా, దాదాపు 75 ఏళ్లు. నిజమైన జెఫర్సన్ గదికన్నా ఎక్కువకాలం నిలిచిన గదిని, జెఫర్సన్‌ది కాదనే కారణంతో తొలగించి, అచ్చం జెఫర్సన్‌దే అనిపించే కొత్త గదిని కట్టారన్నమాట. దాని మీద కప్పు ఇప్పటికీ వైట్ వేసిన పెంకుల గుమ్మటమే. ఇది మోసమని నా వాదన కాదు. ఆ గది అందమైనది, డ్రాయింగుల ఆధారంగా కట్టింది. నా మాట ఒక్కటే: ఇక్కడ పాతదనం అనేది కాలం ఇచ్చింది కాదు, ఒక కమిటీ ఎంచుకున్నది. ఏ ఏడాదికి వెనక్కి వెళ్లాలో నిర్ణయించినప్పుడే, ఏ ఏళ్లను తుడిచేయాలో కూడా నిర్ణయించినట్టు.

పెరళ్ల విషయంలో జరిగింది దీనికన్నా పెద్దది. 1940ల చివర మొదలై 1960ల దాకా, గార్డెన్ క్లబ్ ఆఫ్ వర్జీనియా తన తోటల ప్రదర్శనలతో సమకూర్చిన సొమ్ముతో పెవిలియన్ల పెరళ్లను ‘పునరుద్ధరించింది’. రూపకర్త ఆల్డెన్ హాప్‌కిన్స్. 18వ శతాబ్దపు రూపంలో తిరిగి నిలబెట్టిన పట్టణం కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో పనిచేసి, ఆనాటి ఉద్యానకళ ఔపోసన పట్టినవాడు. 1820లలో మావెరిక్ అనే అతను చెక్కి ముద్రించిన ప్రాంగణపు పటం గోడల మెలికలను చూపిస్తుంది. గోడల్ని దాన్ని చూసి తిరిగి కట్టారు. గోడల లోపల ఏం ఉండాలో మాత్రం ఆ పటం చెప్పదు. ఆ ఖాళీని కత్తిరించిన పొదలతో, నడక దారులతో, పూలమళ్లతో, తెల్లటి బల్లలతో నింపారు. వంటిళ్లు లేవు, పొగకొట్లు లేవు, బట్టలుతికే చోట్లు లేవు. పెద్దమనిషి సాయంత్రం పుస్తకం పట్టుకుని షికారు చేసే ఉద్యానం వచ్చింది, 1830లో ఆ చోట ఎన్నడూ లేని ఉద్యానం. ఒక పెరట్లోనైతే ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల ప్రార్థనామందిరం నుంచి కానుకగా వచ్చిన 15వ శతాబ్దపు రాతి శిఖరం కూడా నిలబడి ఉంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన రాతికి చోటు దొరికింది, అదే నేల మీద వంట చేసిన మనుషుల పొయ్యికి దొరకలేదు. తోటల పని జరుగుతున్న ఆ రోజుల్లోనే, 1950లో, గ్రెగొరీ స్వాన్సన్ అనే నల్లజాతి న్యాయవాది ఫెడరల్ కోర్టు ఆదేశంతో ఈ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు. తోటకూ కోర్టు తీర్పుకూ ఎవరూ ముడి వేసి ఉండకపోవచ్చు. కానీ ఏ గతాన్ని తిరిగి కట్టాలన్న ఎంపిక, ఎవరికి వర్తమానంలో చోటివ్వాలన్న తగువు నడుస్తున్న కాలంలోనే జరిగింది.

దీనికి సమాధానంగా వినిపించే మొదటి వాదన బలమైనదే. ఏ కట్టడమైనా ఒక్క కాలంలోనే నిలబడగలదు, అన్ని కాలాలనూ ఒకేసారి నిలబెట్టడం సాధ్యం కాదు. ఎంచుకోవాల్సి వస్తే, ప్రపంచమంతా గుర్తించిన నమూనాను ఎంచుకోవడంలో తప్పేముంది? తప్పు లేదు. కానీ ఆ సూత్రానికి వాళ్లే కట్టుబడలేదు. జెఫర్సన్ నమూనాకు తిరిగి వెళ్లడమే లక్ష్యమైతే, పని చేసే పెరడు కూడా ఆ నమూనాలో భాగమే. పెవిలియన్‌లో కాపురమున్న ప్రొఫెసర్‌కు అన్నం వండకుండా, నీళ్లు మోయకుండా జెఫర్సన్ చెప్పిన ‘విద్యాగ్రామం’ ఒక్క రోజు కూడా నడవదు. స్తంభాల కొలతల్లో అంగుళం దగ్గర పట్టుబట్టి, వంటిల్లు దగ్గరికొచ్చేసరికి ఊహకు వదిలేయడాన్ని విశ్వసనీయత అనలేం. రుచి అనాలి.

రెండో వాదన, నేటి విలువలతో 1950ల వాళ్లను బోనులో నిలబెట్టకూడదని. వాళ్లను శిక్షించాలని ఎవరడిగారు? ఇక్కడ ప్రశ్న నీతి గురించి కాదు, సాక్ష్యం గురించి. ప్రాక్టర్ ఖాతాలు విశ్వవిద్యాలయపు సొంత కాగితాలే. పెరటి కట్టడాలు కొన్ని వాళ్ల కళ్ల ముందే నిలబడి ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. హోటల్ ఎఫ్ వెనక, ఒకప్పుడు వంటిల్లుగా వాడిన చిన్న ఇటుక ఇంటిని ‘క్రాకర్‌బాక్స్’ అంటారు, అందులో ఇప్పుడు విద్యార్థులుంటారు. తొమ్మిదో పెవిలియన్ పెరట్లో మెక్‌గఫీ కుటీరం ఉంది. మేధావులకు అందుబాటులో ఉన్న ఆధారాలను చదవకపోవడాన్ని ఆ కాలపు విలువల మీదికి నెట్టేస్తే, ఆ కాలంలోనూ ఆ ఆధారాలు చదవగలిగినవాళ్లను తక్కువ చేసినట్టే.

ఇంకో సంగతి నా వాదనకు అడ్డొస్తున్నట్టు కనిపిస్తుంది, నిజానికి దాన్నే బలపరుస్తుంది. కూల్చివేత అపకారం చేయలేదా? చేసింది. జెఫర్సన్ గీసిన శరీరశాస్త్ర భవనాన్ని, కొత్త గ్రంథాలయం ముందు అడ్డుగా ఉందని, 1939లో పడగొట్టారు. ఈ ప్రాంగణంలో పూర్తిగా పోయిన జెఫర్సన్ కట్టడం అదొక్కటే. అక్కడ కోసి చూపడానికి తెచ్చిన శవాల్లో ఎక్కువ భాగం నల్లవాళ్ల సమాధుల నుంచి దొంగిలించినవి. కానీ కూల్చిన చోటు కూల్చిన చోటుగానే గుర్తుంటుంది. ఫలానా ఏడాది, ఫలానా కారణం అని పుస్తకంలోకెక్కుతుంది. జనం తిడతారు. పెరటి తోటను మాత్రం ఎవరూ తిట్టరు, ఎందుకంటే అక్కడ ఏదో పోయిందని తోట చెప్పదు. ఇదే పోయిన చరిత్రకూ మాయమైన చరిత్రకూ తేడా.

సాక్ష్యం ఎక్కడ మిగిలిందో చూడండి. 2012 తర్వాత రొటండాకు మళ్లీ పెద్ద మరమ్మతు చేస్తున్నప్పుడు కింది అంతస్తు గోడలో మూసేసిన ఒక గూడు బయటపడింది. తొలినాటి రసాయనశాస్త్ర బోధనకు కట్టిన పొయ్యి, విద్యార్థులు ప్రయోగాలు చేసుకునే గూళ్లతో సహా. 19వ శతాబ్దంలోనే ఇటుకలతో మూసేయడం వల్ల 1895 మంటల నుంచి తప్పించుకుంది, తర్వాతి రెండు పునరుద్ధరణల కంటా పడలేదు. అదే 2012లో విశ్వవిద్యాలయ శ్మశానాన్ని విస్తరించాలని తవ్వితే, గోడకు ఆవల పేరు చెప్పే రాయి లేని 67 సమాధులు కనిపించాయి. ఎక్కువగా బానిసలవే అయి ఉంటాయని నిపుణుల అభిప్రాయం. 1993లో కార్ల పార్కింగ్ కోసం నేల తవ్వితే, కిట్టీ ఫాస్టర్ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి దర్జీ స్త్రీ 1833లో కొనుక్కున్న స్థలం, అక్కడి సమాధులు వెలుగు చూశాయి. మూసేసిన గోడ, పట్టించుకోని గట్టు, కార్లు నిలిపే నేల. ప్రేమగా చక్కదిద్దిన చోట కాదు, మరిచిపోయిన చోటే చరిత్ర బతికింది.

ఇప్పుడంతా మారిపోయింది కదా అనేవాళ్లున్నారు. మారింది, కాదనను. 2013లో బానిసత్వంపై అధ్యయన సంఘాన్ని వేశారు, 2018లో నివేదిక వచ్చింది. 2020లో రొటండాకు తూర్పున, దాదాపు దాని గుమ్మటమంతటి వృత్తంగా బానిస శ్రామికుల స్మారకం నిలిచింది. రాతి మీద 4,000 గుర్తులు చెక్కి, దొరికిన పేర్లను రాశారు, అవి 600 లోపే. ఆ ప్రాంగణంలోనే బానిసగా బతికి, తర్వాత ఉపాధ్యాయురాలైన ఇసబెల్లా గిబ్బన్స్ కళ్లు ఆ రాతి మీదినుంచి చూస్తుంటాయి. గొప్ప పని. అయితే అది కొత్త కట్టడం, ప్రాంగణపు అంచున ఉంది. పాత కట్టడాలు చెప్పాల్సిన మాటను కొత్త రాయికి అప్పగించి, పాతవాటిని పూలతో అలాగే వదిలేస్తే, యాత్రికుడు రెండు వేరు వేరు విశ్వవిద్యాలయాలను చూసి వెళ్తాడు. ఒకటి అందానిది, మరొకటి బాధది. నిజానికి రెంటికీ గోడ ఒక్కటే.

మరి తోటలు పీకేయాలా? వద్దు. 1970లలో వైట్ మందిరానికి పట్టిన గతే ఈ తోటలకూ పట్టించడం అవుతుంది. ఆ తోటలకూ ఇప్పుడు 60, 70 ఏళ్లు, అవి కూడా ఒక కాలపు మనసుకు సాక్ష్యం. నమూనా కావాలంటే పదో పెవిలియన్ ఉంది. దశాబ్దంన్నర కిందట దాని స్తంభాల రంగుపొరలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, మొదటి పూత మెరిసే తెలుపు కాదని, ఇసుక రంగని తేలింది. లాన్ అంటే తెల్లటి స్తంభాలనే అలవాటుపడ్డవాళ్లు నొచ్చుకున్నారు. అయినా సాక్ష్యానికే ఓటేసి, ఇసుక రంగు వేశారు, పోయిన పైకప్పు పిట్టగోడను మళ్లీ కట్టారు. మిగతా తొమ్మిదింటినీ ఒక్కసారిగా మార్చేయలేదు. ఒక్కచోట నిజం చూపి, పక్కనే అలవాటును ఉండనిచ్చారు. రంగు విషయంలో చూపిన ఆ నిజాయితీ పెరటికీ చాలు. పదింటిలో ఒక్క పెరట్లో వంటింటి పునాది గీతను, బట్టలుతికిన చోటును, కొట్టాన్ని నేల మీద రాతితో గుర్తించడానికి గులాబీలన్నీ తీసేయనక్కర్లేదు. ఆ ఇళ్లలో ప్రొఫెసర్లు ఇంకా కాపురముంటున్నారన్న అభ్యంతరం నిలవదు, పెరటి తోటల్లోకి జనాన్ని ఎప్పటినుంచో రానిస్తూనే ఉన్నారు. గోడలో ఒక్క మెలికను పాత ఎత్తుకు లేపితే, అది ఏం దాచడానికి కట్టారో పక్కనున్న పొట్టి మెలికను చూసి ఎవరికైనా అర్థమవుతుంది. పెద్ద ఖర్చు కూడా కాదు. ఒక్క ఇటుక మందపు గోడ, ఎలాగూ కొన్నేళ్లకోసారి మరమ్మతుకొస్తుంది.